మెడలో రోమన్ సంసారం

ఉగాది భోజనాల దగ్గర డాక్టరుగారి భార్య పులిహోర వడ్డిస్తూ వంగినప్పుడు, ఆమె గొలుసుకు వేలాడుతున్న బంగారు కాసు ఆయన కంట పడింది. ప్లేటుతో సహా లేచి నిలబడ్డారు.

"అది నా కాయిన్ కదా?"

"మన కాయినే. హోల్ పెట్టలేదు లెండి, రింగ్ అతికించాడంతే."

పక్కనున్నావిడ సంగతి తెలియక, "బాగుంది వదినగారూ, హైదరాబాద్‌లో చేయించారా?" అంది.

"లేదండీ, రోమ్‌లో."

ఎనభైల మొదట్లో అమెరికాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ళ ఇంటికి వెళితే ముందు బాత్‌రూములతో సహా ఇల్లంతా చూపించేవారు. డాక్టరుగారింట్లో మాత్రం ముందు కాసును చూడాలి. పద్దెనిమిది వందల ఏళ్ళ నాటిది. ఒకవైపు చక్రవర్తి, రెండోవైపు మహారాణి, ఆమెకు చెరోపక్క ఇద్దరు కొడుకులు. చుట్టూ, ఇది సుఖశాంతుల కాలమని లాటిన్ రాత. డాక్టరుగారు మన చేతికి భూతద్దం ఇచ్చేవారు గానీ కాసు ఇచ్చేవారు కాదు. "చూశారా, ఫ్యామిలీ అంటే అదీ," అనేవారు, కాఫీలు తెచ్చిన భార్య వైపు తల తిప్పకుండా. తండ్రి పోయి ఏడాది తిరక్కుండానే పెద్దకొడుకు చిన్నవాణ్ణి తల్లి ఒళ్ళోనే చంపించాడన్నది మాత్రం చెప్పేవారు కాదు. పత్రికలో పనిచేసినవాణ్ణి కనుక ఆ తరవాతి వార్త నేనే లైబ్రరీలో వెతుక్కున్నాను.

ఆ ఊళ్ళో ఒక నాణేల క్లబ్బు ఉండేది. అందరూ తెల్లవాళ్ళే. డాక్టరుగారు అందులో చాలాకాలంగా అతిథి. వార్షిక ప్రదర్శనలో మంచి నాణెం పెడితేనే సభ్యత్వం. ఆ ప్రదర్శన ఉగాది తరవాతి శనివారం.

"క్లబ్‌లో ఏమని ఎక్స్‌ప్లెయిన్ చేయను?" అన్నారాయన.

"మా ఆవిడ వేసుకుందని చెప్పండి. బంగారం డబ్బాలో ఉంటే ఎవరికండీ?"

నేను విలేఖరిగా ఉన్నప్పుడు కృష్ణ ఒడ్డున పొలంలో బయటపడ్డ రోమన్ కాసులు చూశాను. అన్నిటికీ చిల్లులే. చక్రవర్తులను ఏం చేయాలో మన ఆడవాళ్ళకు అప్పుడే తెలుసు. ఆ మాట అక్కడ అన్నందుకు డాక్టరుగారు నన్నొక చూపు చూశారు.

పక్కావిడ కాసు పట్టుకుని చూసి, "మరి రాజుగారేరీ?" అంది.

"లోపలివైపున్నారు. ఆయన మొహం ఇంట్లో చూస్తూనే ఉన్నాంగా."

రింగు తీస్తే మచ్చ పడుతుందని నగల దుకాణం వాడు తేల్చేశాడు. దాంతో శనివారం కాసు ఆమె మెడలోనే క్లబ్బుకు వచ్చింది. నేనూ వెళ్ళాను. రింగుంటే అది నగ, నాణెం కాదు, బల్ల మీద పెట్టనివ్వం అన్నాడు అధ్యక్షుడు. అన్నాడే గానీ, ముసలి సభ్యులు ఒక్కొక్కరే వచ్చి కళ్ళద్దాలు సర్దుకుంటూ ఆమె మెడ దగ్గరికి వంగారు. మొదటివాడు అధ్యక్షుడే.

"ప్లీజ్, డోంట్ టచ్," అందామె, అచ్చం భర్త ధోరణిలో. డాక్టరుగారు పక్కన నిలబడి ఫ్యామిలీ గురించి ఉపన్యసించారు.

మెడలో వేసుకొచ్చినదాన్ని ప్రదర్శించినట్టు లెక్కవేయాలా వద్దా అన్నది తేల్చడానికి క్లబ్బు ఒక ఉపసంఘాన్ని వేసింది. నేను ఫ్రీమాంట్ వదిలేనాటికి అది ఇంకా ఏమీ తేల్చలేదు. డాక్టరుగారు అతిథిగానే ఉన్నారు.