మరియమ్మత్త పొడిలో నేను కలిపింది

మరియమ్మత్త సంఘం ముందు లేచి నిలబడి, "తప్పు నా చేతులది, దేవుడు క్షమించాలె" అన్నప్పుడు, ఆ తప్పు చేసిన మనిషి ఆమె పక్కనే చాప మీద కూర్చొని ఉంది. ఆ మనిషి నేనే. పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకొని తల వంచుకున్నాను. చూసినవాళ్ళు ప్రార్థన చేస్తున్నాననుకొని ఉంటారు.

ఆ ఆదివారం నుంచి మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

మాది ముంబయి దగ్గర భివండిలో కనేరి. కరీంనగర్ వైపు నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, వచ్చిన కుటుంబాలు వరుస గదుల మా చాల్ నిండా ఉండేవి. పగలంతా సాంచాల మోత. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేవాళ్ళ తల వెంట్రుకల్లో దూది నూగు, చేతులకు మిషను నూనె. తొంభైల చివరి రోజులవి. నేను ఒక తెలుగు దినపత్రికకు ఊరి వార్తలు పంపేదాన్ని. తర్వాత ఆడవాళ్ళ పేజీలో ఒక శీర్షిక ఇచ్చారు. షాంపూకు బదులు ఏం వాడాలి, బండలు కడగడానికి యాసిడ్ అక్కర్లేకుండా ఎట్లా, ముఖానికి క్రీము కంటే శనగపిండి ఎందుకు మేలు, ఇవీ నేను రాసేవి. నమ్మే రాశాను. ఆ నమ్మకమే నన్ను అంత దూరం తీసుకుపోయిందా, లేక పేరు మీద ఆశా? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, విడదీయలేకపోయాను.

మరియమ్మత్త మా గోడ పక్క గది. పేరుకే అత్త, మాకు చుట్టరికం లేదు. భర్త పోయాక ఊరి నుంచి కుంకుళ్ళు తెప్పించుకొని, గింజ తీసి, ఎండబెట్టి, శీకాయతో కలిపి దంచి అమ్మేది. నా శీర్షికలో ఆమె పొడి గురించి రాశాను. మా చాల్ ఆడవాళ్ళంతా షాంపూ పాకెట్లు మానేశారని రాశాను. అంతా మానలేదు. కొందరు మానేశారు. "పసిపిల్లలకు కూడా భయం లేకుండా వాడొచ్చు" అని కూడా రాశాను. ఎవరినీ అడగకుండానే రాశాను. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి.

అందరికీ ఒకటే ఫిర్యాదు. నురగ నిలవదు. నూగు, నూనె పట్టిన తలకు నురగ లేకపోతే స్నానం చేసినట్టే అనిపించదు. మా ఎదురింటి సునీత నల్లా దగ్గర అందరి ముందే అనేది: "అత్తా, నీ పొడి మంచిదే గానీ, మా మామ లెక్క ఉన్నది. ఎంత రుద్దినా ఉలకదు, పలకదు." ఆడవాళ్ళు బిందెలు కింద పెట్టి నవ్వేవాళ్ళు. మరియమ్మత్త కూడా నవ్వేది. "మీ మామను గూడ జర నానబెట్టి చూడు బిడ్డా," అనేది.

ఇంతలో పత్రికవాళ్ళు కబురు చేశారు. ముంబయి నుంచి ఫొటోగ్రాఫరు వస్తాడు, ఆదివారం పేజీకి మరియమ్మత్త తల రుద్దుతున్న ఫొటో కావాలి. నాకు ముందు గుర్తొచ్చింది నురగే. నల్లని జుట్టు మీద తెల్లని నురగ లేకపోతే ఆ ఫొటోలో ఏముంటుంది?

మా షెడ్డులో చేతుల నూనె వదిలించుకోవడానికి సంచుల్లో అమ్మే బట్టలుతికే పొడి ఒకటి వాడేవాళ్ళు. చవకది, చేతులు పగిలిపోయేవి. మా ఇంట్లో డబ్బా ఉండేది. ఫొటో తీసే రోజు పొద్దున మరియమ్మత్త నల్లా దగ్గర వరుసలో ఉన్నప్పుడు, ఆ పొడిని నీలం రవ్వలు కనబడకుండా మిక్సీలో మెత్తగా చేసి, ఆమె కుంకుడు పొడి పోసి పెట్టుకున్న బేసినులో కలిపాను. చేత్తో అడుగు దాకా కలిపాను. నా గోళ్ళ సందుల్లో ఆ పొడి మండింది. అప్పుడైనా ఆగాల్సింది.

నురగ వచ్చింది, నిలిచింది. చాల్ అంతా చూడ్డానికి వచ్చింది. మరియమ్మత్త తన చేతుల వంక తానే ఆశ్చర్యంగా చూసుకుంది. ఫొటో ఒక్కటి పడితే చాలు, తర్వాత ఆ బేసిను పారబోయిస్తాను అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా? సాయంత్రానికి ఆ పొడి కోసం ఆడవాళ్ళు గిన్నెలతో వరుస కట్టారు. ఆపాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు. నేను మా గదిలో కూర్చొని, ఆ ఫొటో కింద వేయాల్సిన మాటలు రాస్తున్నాను.

సునీత తన పాపకు కూడా దానితోనే స్నానం చేయించింది. పసిపిల్లలకు భయం లేదని పేపర్లో చదివానని తర్వాత ఏడుస్తూ చెప్పింది. పాప ఒళ్ళంతా ఎర్రగా కందిపోయింది, కళ్ళు వాచి మూసుకుపోయాయి. డాక్టరు దగ్గరికి ఎత్తుకొని పరుగెత్తారు. పాప తేరుకుంది. ఆ మాట ముందే చెబుతున్నాను, మీరు భయపడకుండా. నన్నెవరూ అనుమానించలేదు. కుంకుడు రసం కంట్లో పడితే మండుతుందని తెలియని తెలుగు మనిషి ఉండదు కదా. అందరూ కుంకుడునే తిట్టారు. కుంకుడు దంచిన మనిషిని తిట్టారు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో మరియమ్మత్త లేచింది. మా సంఘంలో ఎవరైనా లేచి నిలబడి తమకు జరిగిన మేలో, తాము చేసిన తప్పో చెప్పుకోవచ్చు. ఎక్కువగా మేళ్ళే చెప్పుకుంటాం. ఆమె చేయని తప్పు చెప్పుకుంది. సునీత మొహం తిప్పుకొని కూర్చుంది.

బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ మరియమ్మత్త నన్ను అడిగింది.

"బిడ్డా, నువ్వు పేపర్ల రాస్తవు. నాలుగు తెలిసినదానివి. నా చేతుల ఏం తప్పు పోయింది?"

"కుంకుళ్ళు పాతవై పురుగు పట్టినయేమో అత్తా."

"ఒక్కొక్కటి చూసి ఎండేసిన గదనే."

"ఒక్కోసారి కంటికి కనబడదు అత్తా."

ఆమె నా మొహం చూసింది. తర్వాత తల ఊపింది. నన్ను నమ్మింది. పొడి కలిపినప్పటికంటే ఆ తల ఊపుడే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది.

ఇంటికి పోయి మిగిలిన పొడినంతా మోరీలో పోసింది. మోరీ తెల్లగా పొంగింది. కుంకుడు నురగ అట్లా నిలవదు, తొందరగా కరిగిపోతుంది. ఇది చాలాసేపు నిలిచింది. కానీ రంగుల కార్ఖానాల నీళ్ళు పారే ఊరు మాది, మోరీ నురగను ఎవరు పట్టించుకుంటారు? నేనొక్కదాన్నే నిలబడి చూశాను.

మళ్ళీ ఆమె పొడి దంచలేదు. ఆ రోలును బోర్లించి దాని మీద నీళ్ళ బిందె పెట్టుకుంది. సాంచాలకు నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది. మా చాల్ మళ్ళీ షాంపూ పాకెట్లకు మళ్ళింది, చింపేసిన పాకెట్లతో మోరీ నిండింది. "ఆకులు అలములు మనకు పడవు" అనే మాట స్థిరపడింది. నేను ఆ శీర్షికను చాలా రోజులు నడిపాను. పేరు తప్పు పడితే సవరణ వేసే పత్రికలో పనిచేస్తూ, ఈ సవరణ మాత్రం వేయలేదు. సునీత భర్తకు గోదాములో పని దొరికి వాళ్ళు మాన్కోలికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు అందరికీ చెప్పింది. మరియమ్మత్తకు చెప్పలేదు.

ఇది రాసేటప్పుడు గుండెలో కొంచెం చోటు దొరికినట్టుంది. అది క్షమాపణ కాదని నాకు తెలుసు. క్షమించాల్సిన మనిషికి చదువు రాదు. ఎవరైనా చదివి వినిపించాలి, ఆ ఎవరైనా నేనే కావాలి.

పోయిన ఆదివారం సాక్ష్యాలు అయ్యాక పాస్టరు గారు, "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు. మరియమ్మత్త నా పక్కనే కూర్చుంది, మోకాళ్ళ నొప్పులకు నా భుజం ఆసరా చేసుకొని. నేను లేవలేదు.