ఒర్తెన్సియా మబ్బులు

మా దీవిలోని హిబారా రేవులో ఒర్తెన్సియా ముప్పై ఒక్క ఏళ్లు మబ్బులకు హాజరు వేసింది. వాతావరణ శాఖ ఉద్యోగం. రోజూ పొద్దున ఏడింటికి డాబా ఎక్కి, ఏ రకం మబ్బు, ఎంత ఎత్తున, ఎటు పోతోందో నోటుపుస్తకంలో రాసేది. ఒకసారి ఆమెకు జ్వరమొస్తే, తగ్గేదాకా మబ్బులు రేవు మీద కదలకుండా నిలబడ్డాయి. కళ్లారా చూశాను. సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి, అబద్ధమాడను.

రిటైరయ్యాక ఆ పుస్తకాలకు చెదలు పట్టాయి. మేనకోడలు యామిలే పేజీలన్నీ ఫొటోలు తీసి, పరాయి దేశపు కంపెనీ క్లౌడ్‌లో దాచింది. మా భాషలో మబ్బుకూ దానికీ ఒకటే మాట. మబ్బులు మబ్బులోకే చేరాయి కదా అని ఒర్తెన్సియా పుస్తకాలను పొయ్యిలో పెట్టేసింది.

నెల తిరక్కుండా తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి: ఈ సేవ మీ దేశంలో లేదు. ముప్పై రోజుల్లో మీ ఖాతా చెరిపేస్తాం.

ఒర్తెన్సియా టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లింది. కౌంటర్లో రిగోబెర్తో ఉన్నాడు.

"నా మబ్బులు రావడం లేదు."

"దిగ్బంధం, అక్కా. మన దేశంతో లావాదేవీలు వద్దని సముద్రానికి అవతలివాళ్లు మూసేశారు."

"మరి యామిలే నెట్‌లో చదివే పత్రిక కూడా తెరుచుకోవట్లేదే?"

రిగోబెర్తో గొంతు తగ్గించాడు. "అది సాంకేతిక లోపం."

"తేడా ఏమిట్రా?"

"వాళ్లు మూస్తే దిగ్బంధం. మనం మూస్తే సాంకేతిక లోపం."

"కింద నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయే."

"మబ్బులు చదివినదానివి నువ్వు. నన్నడిగితే ఎలా? ఈ ఫారం నింపు."

ఫిర్యాదు వివరం అన్నచోట ఆమె అలవాటుగా రాసింది: ఆకాశం పూర్తిగా మూసుకుంది.

యామిలే ఊరుకోలేదు. మెక్సికోలో నర్సుగా ఉన్న స్నేహితురాలికి పాస్‌వర్డ్ చెప్పింది. అక్కడ అన్నీ తెరుచుకున్నాయి. ఇరవై ఆరో రోజున ఆ పిల్ల సెలవుకొస్తూ, షాంపూ సీసాల మధ్య హార్డ్ డిస్క్ పెట్టుకొచ్చింది. కస్టమ్స్ ఆయన ఆపాడు.

"ఇందులో ఏముంది?"

"మబ్బులండీ."

"కురిసేవా?"

"కురిసి వెళ్లిపోయినవి."

"అయితే పో."

"ఈసారి ఎక్కడ దాద్దాం, అత్తా?" అంది యామిలే.

"ఒక్కచోట దాచకు. అందరికీ ఇచ్చెయ్."

మా దగ్గర ఇంటర్నెట్ అందనివాళ్లకు వారంవారం ఒక హార్డ్ డిస్క్ ఇల్లిల్లూ తిరుగుతుంది. సీరియళ్లు, ఫుట్‌బాల్, పాటలు అందులో వస్తాయి. దాన్ని నింపేవాడికి యామిలే ఫొటోలు ఇచ్చింది. "ఒర్తెన్సియా, 31 సంవత్సరాలు" అన్న పేరు చూసి, వాడు వాటిని తీసుకెళ్లి టర్కీ సీరియళ్ల మధ్యలో పెట్టాడు. ముప్పై ఒక్క భాగాల సీరియల్ అనుకుని జిల్లా జిల్లా అంతా కాపీ చేసుకుంది. ఇప్పుడు దాన్ని చెరపాలంటే ప్రతి ఇంటి తలుపూ తట్టాలి.

నిన్న చేపల బజారులో ఒకావిడ ఒర్తెన్సియాను నిలదీసింది. "ఎనభై ఏడు అక్టోబరు దాకా చూశాం తల్లీ. ఇంకా హీరో రాలేదు!"

"నవంబరు దాకా ఓపిక పట్టు," అంది ఒర్తెన్సియా. "గాలివాన వస్తుంది."