మూడో నీళ్ళు పోసేదాకా

ఎనిమిదో తరగతిలో నేను బడి మానేస్తే, మళ్ళీ రమ్మని పిలవడానికి ఒక్క పంతులూ మా ఇంటికి రాలేదు. లెక్కల సారు మాత్రం వచ్చాడు, నిజంగానే మానేశానా అని ఖాయం చేసుకోవడానికి. అలాంటి నేను ఇప్పుడు పొద్దునా సాయంత్రం బడికే పోతున్నాను, వ్యాను తోలుకుంటూ.

పోయిన ఏడు ఎండలు ముదరకముందే తుడియలూరు పక్కనున్న మా బడికి అమ్మవారు వచ్చింది. తమిళంలో అమ్మై అన్నా, ఇక్కడ స్థిరపడిన మా తెలుగు ఇళ్ళలో ఆటలమ్మ అన్నా ఒకటే, ఒళ్ళంతా నీటిపొక్కులు. మొదట యూకేజీ పిల్లలకు, తర్వాత వాళ్ళను చూసుకునే ఆయమ్మకు, ఆ తర్వాత యూకేజీ టీచరుకు. మా వైపు అమ్మవారు పోస్తే డాక్టరు దగ్గరికి పోరు. గుమ్మానికి వేపమండ కట్టి, పొక్కులు మాడే కొద్దీ తలకు నీళ్ళు పోస్తారు. ఒక్కసారి కాదు, విడిచి విడిచి మూడుసార్లు. డాక్టరు చీటీ ఎవరూ తేరు గనక మా హెడ్మిస్ట్రెస్ ఆ నీళ్ళనే నిబంధన చేసింది. మూడో నీళ్ళు పోసి, పొక్కులు ఎండి రాలేదాకా పిల్లలైనా టీచర్లైనా గేటు దాటి లోపలికి రాకూడదు.

ఆ పట్టుదల అంతా ఒక మనిషి కోసం. యూకేజీ పక్క గదిలో ఒకటో తరగతికి చెప్పే టీచరుకు రెండుసార్లు కడుపు పోయి, ఇప్పుడు మళ్ళీ నిలిచింది. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు. ఇప్పుడు సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. సెలవు పెట్టి ఇంట్లో ఉందామంటే ఆమె పక్కవాటాలోనూ పొక్కులే.

ఇంతలో యూకేజీ టీచరు ఫోను చేసి, నీళ్ళు పోసేశారు, సోమవారం వస్తానంది. హెడ్మిస్ట్రెస్‌కు అనుమానం వచ్చింది. ఆ టీచరు ఇల్లు మా తెలుగువాళ్ళదే గనక నన్ను పిలిచి, "మూణావదు తణ్ణి ఊత్తిక్కిట్టాంగళాన్ను కేట్టుట్టు వాంగ" అంది. మూడో నీళ్ళు పోసుకున్నారా అని అడిగి రమ్మని. తమిళంలో ఆ మాటకు ఏ దోషమూ లేదు. నేను దాన్ని దారి పొడుగునా తెలుగులోకి తిప్పుకుంటూ పోయాను. 'మూడో' అన్నది ఎక్కడో స్పీడ్‌బ్రేకరు దగ్గర జారిపోయినట్టుంది.

వాకిట్లో అవ్వ బియ్యం చెరుగుతోంది. పంపు వర్క్‌షాపులో లేతు పని చేసే మనవళ్ళిద్దరూ, అంటే టీచరు అన్నలు, తిన్నె మీద కూర్చున్నారు. వేపమండ కట్టిన ఇంట్లోకి పోకూడదు గనక వీధిలోనే నిలబడి అరిచాను.

"అవ్వా, చెల్లెమ్మ నీళ్ళు పోసుకుందా?"

తెలుగు ఇంట్లో ఆ మాటకు అర్థం కడుపుతో ఉందా అని. ఆమెకింకా పెళ్ళి కాలేదు.

అవ్వ చేతిలో చేట జారింది. "ఏమి అడిగితివిరా, పాడెక్కేవాడా?"

"నీళ్ళే అవ్వా. ఎప్పుడు పోసుకుందో చెప్పితే పొయ్యి మేడంకు చెప్పాల. బడంతా దానికే కాచుకోని ఉండారు."

పెద్దన్న గుద్దు చెవి మీద పడింది. లోకంలోని సైకిలు బెల్లులన్నీ ఒక్కసారిగా మోగాయి. చిన్నవాడు కాలరు పట్టి నన్ను గోడకేసి కొట్టాడు. నేలకు జారితే డొక్కలో తన్నులు. లేతు మీద ఇనుము తిప్పే చేతులవి, నేను ఇనుమంత గట్టివాణ్ణి కాను. చొక్కా చిరిగింది, కనుబొమ్మ చిట్లి కంట్లోకి నెత్తురు దిగింది. వీధంతా మూగింది. ఎవడో స్కూటరు నిలిపి వచ్చి నా వీపు మీద రెండు గుద్ది, "ఏమి చేసినాడన్నా వీడు?" అని అడిగాడు. జవాబు వినకుండానే ఇంకొకటి గుద్దాడు.

"విడవండన్నా! చచ్చిపోతాడు!" టీచరు గడప దాటి వచ్చేసింది. "డ్రైవరన్న అడిగింది అమ్మవారి నీళ్ళను! తమిళంలో అడగాల్సింది తెలుగులో అడిగినాడు, అంతే!"

తన్నులు ఆగాయి. నేలమీద పడున్నవాడికి పాదాలే కనపడతాయి. ఆమె చీలమండల మీద పొక్కులు ఇంకా నీళ్ళు నిండి మెరుస్తున్నాయి.

"ఇవి ఎండనే లేదే చెల్లెమ్మా. ఎన్నో నీళ్ళు?"

ఆమె తల దించుకుంది. "మొదటిదే. నేను రాకుంటే నా చోట్లో వేరే ఆమెను పెడతారన్నా."

"నువ్వు రావద్దు."

"మా చెల్లెల్ని రావద్దనేదానికి నువ్వెవడురా?" అని పెద్దన్న మళ్ళీ వంగాడు. ఈసారి దెబ్బ నోటి మీద. ముందు పన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. దాన్ని ఉమ్మేసి, నోరు ఉన్నంతలో అరిచాను.

"నీళ్ళు పోసుకుంది పక్క గది టీచరన్నా! ఆమెకు ముందే రెండు పోయినాయి! ఇదీ పోవాలనా?"

తెలుగు మాట ఈసారి సరిగ్గా పడింది. పెద్దన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అవ్వ లేచి, మూలనున్న చీపురు తీసి పెద్ద మనవణ్ణి మెడ మీద ఒకటి, చిన్నవాణ్ణి చెంప మీద ఒకటి వాయించింది.

"కడుపుతో ఉండే దాని కాడికి అమ్మవారిని అంపుతారంటరా? మూడో నీళ్ళు పోసేదాకా ఇది గడప దాటితే దీని కాళ్ళు ఇరుస్తాను, విడిస్తే మీ కాళ్ళు ఇరుస్తాను!"

స్కూటరువాడు చప్పుడు చేయకుండా బండి తోసుకుంటూ పోయాడు.

ఆమె ఉద్యోగం ఇంకెవరికీ ఇవ్వనని హెడ్మిస్ట్రెస్ ఫోనులో అవ్వకే మాటిచ్చింది. యూకేజీ టీచరు మూడో నీళ్ళ తర్వాత, పొక్కులన్నీ రాలాకే వచ్చింది. పక్క గది టీచరుకు సోకలేదు.

బిడ్డ పుట్టాక చూడ్డానికి పోయాను. మగబిడ్డ, నన్ను చూసి గుక్కపట్టాడు. ఊరుకుంటానా? "టీచరమ్మా, వీడు ఇంత గట్టిగా ఏడుస్తా ఉండేది నా పన్ను పుణ్యాన. మరిచిపోకండి" అన్నాను.

ఆమె బిడ్డను భుజాన వేసుకుని నా మొహం చూసింది. "మీ పన్నుకు బదులు ఇద్దామంటే వీడికింకా ఒక్కటీ రాలేదన్నా. అందాకా ఆ నోరు మూసుకోని ఉండండి, సందు కనపడదు."