చీకట్లో వెలగాల్సిన పొర

ఏటా వేసవి సెలవుల్లో ఊడిపోయి, బడి తెరిచాక మళ్లీ మొలిచే కాంట్రాక్టు టీచరు ఉద్యోగం నాది. అందుకే మా స్కూల్లో పర్మనెంట్ పోస్టుకు డెమో క్లాసు అనగానే, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేర్చిన ఏకైక గారడీ బయటికి తీశాను. పల్చని ప్లాస్టిక్ పొరలో ఒక సేంద్రియ పదార్థం కలిపితే, అతినీలలోహిత దీపం ఆర్పాక కూడా ఆ పొర కాసేపు పచ్చగా వెలుగుతుంది.

అదంతా ఎలక్ట్రాన్ల స్పిన్ మహిమ. శక్తి పుచ్చుకుని పైకెక్కిన ఎలక్ట్రాన్ స్పిన్, కింద మిగిలిన జోడీ స్పిన్‌కు ఎదురుగా ఉంటే, అది వెంటనే దిగి నీలి వెలుగిస్తుంది. రెండూ ఒకే దిశలో ఉంటే దిగడానికి నియమం ఒప్పుకోదు. సర్కారీ ఫైలులా అక్కడే కూర్చుని ఎప్పటికో దిగుతుంది. దీపం ఆరాక కనిపించే వెలుగు అదే. ఈలోగా తేమో ఆక్సిజనో సోకిందంటే శక్తంతా వేడిగా పోతుంది. అందుకే పొరను గాలి చొరని కవర్లో పెట్టి అల్మారాలో దాచాను.

వెర్రి వేయి విధాలంటారు. మా అత్తగారిది ఎండబెట్టే వెర్రి. మేముండే ఈ దీవుల్లో దాచిందల్లా బూజు పడుతుందని ఆవిడ సిద్ధాంతం. వాన వెలిస్తే చాలు, బ్రూక్షాబాద్‌లోని మా డాబా మీద చెప్పులు, సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బమ్ ఎండు చేపల పక్కన బారులు తీరతాయి. డెమో ముందురోజు ఇంటికొచ్చేసరికి నా పొర కూడా అక్కడే ఉంది, ఎగిరిపోకుండా నెత్తిన రాయితో.

"చెమ్మ పట్టీస్తాదని కవరు తీసి ధూప్‌లో పెట్టేనమ్మా" అన్నారు గర్వంగా.

సముద్రపు గాలి పొద్దంతా దాన్ని తడిపింది. మళ్లీ చేద్దామంటే సామాను ఓడెక్కి రావాలి. పరీక్షిద్దామంటే దీపం స్కూల్లో ఉంది. మర్నాడు దాన్నే పట్టుకెళ్లాను.

కిటికీలు మూయించి దీపం వేస్తే పొర నీలంగా మెరిసింది. ఆర్పాను. చీకటి.

సెలక్షన్ కమిటీ పెద్దాయన చప్పట్లు కొట్టారు. "వాహ్ మేడమ్! బత్తీ బంద్, లైట్ బంద్. బాగా సమఝ్ అయింది."

"కాదు సార్, ఇంకా వెలగాలి. పాడైంది" అని బోర్డు మీద బాణాలు గీసి, ఎందుకు వెలగలేదో మొదటి నుంచి చెప్పాను. అంత మంచి పాఠం నా జన్మలో చెప్పలేదు.

థర్మోకోల్ అగ్నిపర్వతం నుంచి నురగ పొంగించినాయనకు పోస్టు వెళ్లింది. నాకేం తక్కువని వెళ్లి అడిగాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెద్దాయన జాలిగా చూశారు.

"పాడైందని మీరెందుకు చెప్పారు మేడమ్? చెప్పకపోతే మాకు పతా అయ్యేదే కాదు. పోస్టు మీకే ఇచ్చేద్దుం."