అటక మీది గొడుగు

తోవా చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్ల. కాగితం గొడుగులు కట్టే కనో ఊరికి కోడలిగా వచ్చి ఏళ్ళు గడిచినా, అత్త ఇషి ఆమెను కాగితం అతికించే గంజి కాచే పని దాటనివ్వలేదు. ఒక్క గొడుగుకైనా తన చేత్తో కాగితం వెయ్యాలని తోవా కోరిక. అడగాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. గంజి కలుపుతూ అత్త వేళ్ళనే చూస్తుండేది.

ఏడాది చివర ఇంట్లో మసి దులిపే రోజున అటక మీంచి ఒక పాత గొడుగు జారిపడింది. కాగితమంతా చీలికలు.

"వీధిలో పారేసి రా. నూరేళ్ళు నిండబోతున్నాయి దానికి. నిండితే ప్రాణమొచ్చి, ఒంటికన్ను తెరిచి, ఒంటికాలి మీద గెంతుతూ మన మీదికే వస్తుంది," అంది ఇషి.

తోవా గుమ్మం దాకా వెళ్ళి గొడుగు తెరిచి చూసింది. వెదురు పుల్ల ఒక్కటీ పుచ్చలేదు. పారెయ్యబుద్ధి కాక పెరటి కొట్టంలో దాచింది. అత్త ఊళ్ళోకి వెళ్ళినప్పుడల్లా మిగులు కాగితాలు అతికించి, నూనె రాసి, ఎండబెట్టింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒకనాడు ఆ గొడుగు ఇషి కంట పడనే పడింది.

"ఏమే, పారెయ్యలేదూ?"

"చాకిరీ అంతా చేయించుకుని వీధిలోకి గెంటితే దానికి కోపం రాదా అత్తయ్యా? పాత వస్తువులు దయ్యాలయ్యేది అందుకే."

"కొత్త కాగితం వేస్తే సరా? ఎముకలు పాతవేగా!"

"మీ ఎముకలూ పాతవే. మిమ్మల్నెవరైనా పారేస్తున్నారా?"

అనేశాక తోవా నాలిక కరుచుకుంది. ఇషి బావి దగ్గరికి వెళ్ళి బకెట్ నిండా నీళ్ళు తెచ్చింది.

"దాని కింద నిలబడు."

నీళ్ళు దడదడమని గొడుగు మీద పడి చుట్టూ జారిపోయాయి. ఒక్క చుక్క మాత్రం తోవా ముక్కు మీద పడింది.

"అదుగో, ఏడుస్తోంది నీ దయ్యం!" ఇషి పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత గొడుగు అందుకుని, మడత మీద వేలు నడిపింది. "ఇక్కడ గంజి పలచనైంది. మిగతాది... పరవాలేదు. ఎవరు నేర్పారు?"

"మీరే."

మర్నాడు పొద్దున ఇషి తన చాప పక్కన ఇంకో చాప పరిచింది. దాని మీద కాగితం వెయ్యని కొత్త గొడుగు, కుంచె పెట్టింది.

"ఇది టోఫూ కొట్టువాడిది. వాడసలే నోటి దురుసు మనిషి. కారిందంటే నీ పేరే చెప్తాను, చూసుకో."

"కారకపోతే?"

"అప్పుడూ నీ పేరే చెప్తాలే. ముందు కూర్చో."