రేపు సద్దుల బతుకమ్మ

నారాయణపేటలో నా ముఖం తెలియనివాళ్లు ఉండొచ్చు గానీ, నా గొంతు తెలియని కుక్క కూడా లేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. ఆటో మీద కట్టిన మైకుల్లోంచి నా గొంతు వీధి మలుపు తిరగగానే కుక్కలు లేచి అరుగుల కిందికి దూరేవి. గాలి వాటం కలిసొస్తే అంత దూరాన జడ్చర్ల చౌరస్తాలో లారీ డ్రైవర్లు తమనే ఎవరో ఆపమంటున్నారనుకుని బ్రేకు వేసేవారని చాలామందికి చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

మాది మగ్గాల ఇల్లు. బాపు ఒక మగ్గం మీద, చిన్నాయన ఒక మగ్గం మీద కూర్చున్నాక, ఆ టకటకలను దాటి "చాయ్ తెమ్మను" అన్న మాట వంటింటికి చేరాలంటే గొంతు చించుకోవలసిందే. అందుకే మా ఇంట్లో రహస్యమనేది పుట్టలేదు. మా అక్క పెండ్లి మాటలు నడింట్లో మాట్లాడుకుంటుంటే, ఎక్కడో వెనక వీధి నుంచి ఒకాయన వచ్చి, "పిల్లగాడు మంచోడే, ఖాయం చేసుకోండ్రి" అని చెప్పి మంచినీళ్లు తాగి పోయాడు. నాకు మగ్గం పట్టుబడలేదు. మావాళ్లు నేసిన చీరలు అమ్ముకునే చిన్న దుకాణం పెట్టుకున్నాను. మగ్గం నుంచి నాకు దక్కింది గొంతు ఒక్కటే.

ఊళ్లో ఏది జరిగినా ఆ గొంతు మీదుగానే జరిగేది. రేపు నల్లా నీళ్లు రావు. ఎల్లుండి కండ్ల డాక్టర్లు వస్తున్నారు. ఫలానా వాడకట్టులో పెద్దాయన కాలం చేశాడు. ఉన్నదున్నట్టు చదివితే నాకు అన్నం సయించేది కాదు. బర్రె తప్పిపోయిందని చెప్పమంటే, "ఎడమ కొమ్ము వంకర, చూపు సూటి, అత్త మీద అలిగి పోయిన కోడలు తీరుగ ఉంటది" అని నా సొంతంగా కలిపేవాణ్ని. బర్రె దొరికేది. ఒకసారి ఆ ప్రకటన విని సిగ్గుపడి ఒక కోడలు కూడా ఇంటికొచ్చింది. బర్రె మాత్రం ఆ సారి దొరకలేదు.

తెలంగాణ వచ్చాక బతుకమ్మ సర్కారు పండుగ అయింది. వాకిళ్లలో ఆడుకునే బతుకమ్మ మైదానానికి వచ్చింది. మైదానం వచ్చాక మైకు వచ్చింది, మైకు వెనకే నేను వచ్చాను. ఎంగిలిపూల నాడు మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ దాకా, ఆ తొమ్మిది రోజులూ ఊరు ఊరంతా నా చెప్పుచేతల్లో ఉండేది. అన్నింటికంటే నాకు ఇష్టమైనది సద్దుల బతుకమ్మకు ముందు రోజు చెప్పే ప్రకటన. "అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా, రేపు సద్దుల బతుకమ్మ. తంగేడు మీదే, గునుగు మీదే, ఊరు మీదే. పొద్దు గుంకక ముందే మైదానానికి రాండ్రి." ఆ "రేపు" దగ్గర నేను ఎంత సాగదీసేవాణ్నంటే, కొందరు ఆడవాళ్లు ఆ మాట మొదలైనప్పుడు పొయ్యి మీద పెట్టిన అన్నం అది పూర్తయ్యేసరికి వార్చుకునేవారు.

తర్వాత గొంతులో గడ్డ లేచింది. మొదట మాట బొంగురుపోయింది, శ్రీరామనవమి ఊరేగింపులో అరిచిన అరుపుల వల్లేమో అనుకున్నాను. తగ్గలేదు. పాలమూరు పెద్ద దవాఖానలో కోసి తీశారు. గడ్డ చెడ్డది కాదట. కానీ గొంతును ఆడించే నరాన్ని అల్లుకుపోయిందట, దాన్ని తియ్యకుండా గడ్డ రాదట. కట్టు విప్పాక నేను నోరు తెరిచి, "డాక్టరుసాబ్" అన్నాను. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఏదో చప్పుడు వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరి సైకిలో అని.

"రెండో పక్క నరం పని నేర్చుకుంటే కొంత గొంతు రావొచ్చు," అన్నాడు డాక్టరు. "దసరా దాకా చూద్దాం. అప్పటికీ రాలేదనుకో, ఇగ గింతే అనుకోవాలె."

ఆ రోజు నుంచి నా కొత్త గొంతుకు నేను పెట్టుకున్న పేరు గింతే.

గింతేతో బతకడంలో ఒక వింత ఉంది. మనం గుసగుసగా మాట్లాడితే ఎదుటివాళ్లు కూడా గుసగుసగానే బదులిస్తారు. వాళ్ల గొంతుకు ఏ రోగమూ లేదు, అయినా అంతే. దుకాణంలో చీర చూపిస్తూ నేను గింతేతో "ఇది కొత్త అంచు" అంటే, ఇద్దరు పిల్లల తల్లి అటూ ఇటూ చూసి, "వేరే రంగు ఉన్నదా?" అని చెవిలో అడిగేది. బయటినుంచి చూసేవాళ్లు మేం దొంగ చీరలు అమ్ముతున్నామని అనుకుని ఉంటారు. చాయ్ హోటల్లో, బస్టాండులో, ఆఖరికి పోలీసు స్టేషన్ ముందు కూడా మనుషులు నన్ను చూడగానే గొంతు తగ్గించేవారు. ఊరంతా ఎవరో పడుకున్న ఇంట్లో నడిచినట్టు నా చుట్టూ నడిచేది.

మా ఆవిడ మొదట్లో సంతోషించింది. "ఇన్నేండ్లకు ఈ ఇంట్ల నా మాట నాకు ఇనవడ్తాంది," అంది. ఆమెదీ మగ్గాల ఇల్లే. ఆమె గొంతు నా గొంతుకు ఏమాత్రం తీసిపోదు. మేమిద్దరం కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటే పక్కింటివాళ్లు పంచాయితీ చెప్పడానికి వచ్చేవారు. ఒక నెలంతా ఆమె నన్ను ఎదురులేకుండా తిట్టింది. ఆ తర్వాత ఆమె గొంతు కూడా దిగడం మొదలైంది. తనకు తెలియకుండానే దిగింది. నేను గుసగుసగా "అన్నం పెట్టు" అంటే ఆమె గుసగుసగా "పెడ్తున్న" అనేది. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది అప్పుడే. ఆపరేషన్ బల్ల మీద కూడా అంత వేయలేదు.

కసరత్తులు చేశాను. తెల్లవారుజామున పెరట్లో నిలబడి "ఆ" అనమన్నాడు డాక్టరు. నా "ఆ" విని పక్కింటావిడ కుక్కర్ కూత అనుకుని పొయ్యి ఆపేసింది. వాళ్లింట్లో ఆ వారమంతా పప్పు ఉడకలేదు. పొద్దున్న వచ్చే ఆ కాస్త చప్పుడును మధ్యాహ్నం దాకా కాపాడుకోవాలని ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేవాణ్ని. మధ్యాహ్నం నోరు తెరిస్తే అది ఉండేది కాదు. తంగేడు పూతకొచ్చింది. దసరా దగ్గరికొచ్చింది.

అప్పుడు బతుకమ్మ కమిటీ పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. నాకు చిన్ననాటి స్నేహితుడు, నాలాగే మగ్గం వదిలినవాడు. స్టూలు దగ్గరికి జరుపుకుని గుసగుసగా మొదలుపెట్టాడు.

"నువ్వేం ఫికర్ చెయ్యకు. పోయినేడు నువ్వు చెప్పింది పెన్‌డ్రైవ్‌ల భద్రంగ ఉన్నది. అదే ఏపిస్తం."

"నేనే చెప్తా. ఇంకా దసరా దాకా టైమున్నది," అన్నాను.

"ఏమంటున్నవ్?"

"నేనే చెప్తా అంటున్న."

"నువ్వే చెప్పినట్టయితది గదనే. నీ గొంతే గద అది."



ఎంగిలిపూల నాటి నుంచే ఆటో తిరగడం మొదలుపెట్టింది. పోయినేడు నేను ఆ ప్రకటన చెప్పింది సద్దులకు ముందు రోజు ఒక్కరోజు తిప్పడానికి. ఈ ఏడు ఆటో డ్రైవరుకు అది పండుగ మొత్తానికీ కలిపి ఇచ్చారు. ఆయన ఒట్టి అమాయకుడు, పని మాత్రం నిక్కచ్చి. రోజూ పొద్దున్న, సాయంత్రం ఊరంతా తిప్పాడు. "రేపు సద్దుల బతుకమ్మ." మరునాడూ, "రేపు సద్దుల బతుకమ్మ." ఆ రేపును నేనెంత ఠీవిగా సాగదీశానో, ఎంత నమ్మకంగా చెప్పానో, నాకే రోజూ మైదానానికి పోవాలనిపించేది.

మా వెనక వీధి అవ్వ ఒకామె దుకాణం మెట్లెక్కి నిలదీసింది. "ఏం కొడుకా, దినాం రేపు రేపంటవు. నేను నువ్వులు ఏయించుడు ఎప్పుడు, సద్దులు గట్టుడు ఎప్పుడు?"

"ఆదివారం, అవ్వా."

"ఆఁ?"

"ఆదివారం."

ఆమె చెవి ఒగ్గి విని, నా ముఖంలోకి కాసేపు చూసి, మెట్లు దిగింది. దిగుతూ, "నీకంటె ఆటోలున్నోడే నయం. ఆయనది ఇనవడనన్న ఇనవడ్తది," అంది.

శనివారం సాయంత్రమే సగం ఊరు బతుకమ్మలెత్తుకుని మైదానానికి వచ్చింది. అక్కడ లైట్లు లేవు, కమిటీ లేదు, ఒక మేక మాత్రం ఉంది. వచ్చినవాళ్లు ఊరికే పోతారా, ఆడి పాడి, చెరువులో వేసి, సద్దులు తిని పోయారు. ఆదివారం మిగతా సగం వచ్చింది. నేను ఇన్నేళ్లూ నిండుగా చూసిన మైదానం, నోట్లో పళ్లు ఊడినట్టు అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపుగా ఉంది. మా ఆవిడ బతుకమ్మ పక్కన దోసెడు గునుగు పూలు వృథాగా రాలి ఉన్నాయి. ఆమెతో కలిసి ఆడే దోస్తులందరూ శనివారమే వచ్చి పోయారు.

ఆట ముగిసే వేళకు కమిటీ పెద్దమనిషికి ఎందుకో మనసు కరిగింది. నన్ను వేదిక మీదికి పిలిచాడు. "ఎక్కువొద్దు. గౌరమ్మను సాగనంపుదాం రాండ్రి, గంతే. ఒక్క మాట," అన్నాడు. ఆ పొద్దున పెరట్లో నాకు కొంచెం గట్టిగానే "ఆ" వచ్చింది. పక్కింటావిడ పొయ్యి ఆపలేదు కూడా. ఆ ధైర్యంతో మైకు పట్టుకున్నాను. కింద బతుకమ్మల చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లు ఆగారు. నేను ఊపిరి తీసి, "అమ్మలారా" అన్నాను.

మైకుల్లోంచి నాలుగు దిక్కులకూ గాలి వచ్చింది.

"మైకు ఖరాబైంది," అన్నారెవరో. మైక్‌సెట్ అతను పరుగెత్తుకొచ్చి, నా చేతిలోది తీసుకుని, "హలో, హలో" అన్నాడు. ఆ హలో పోయి కర్ణాటక సరిహద్దు దాటి తిరిగొచ్చింది. నా చేతికిచ్చాడు. "అమ్మలారా." గాలి. వైరు మార్చాడు. గాలి. ఇంకో మైకు తెచ్చి, ఊది, తట్టి, ఒకసారి తన నోటి దగ్గర, ఒకసారి నా నోటి దగ్గర పెట్టి చూశాడు. ఇన్నేళ్లు నా గొంతుకు మైకులు అమర్చిన మనిషి అతను. పాడైంది మైకేనని నిరూపించడానికి అతను పడ్డ తిప్పలు చూడలేక నేనే దాన్ని కింద పెట్టేశాను. ముందు వరుసలో ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మా ఆవిడ మాత్రం దించలేదు. నా వైపే చూస్తూ ఉంది.

ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కారు. "అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్లారా, రే…పు సద్దుల బతుకమ్మ." వేదిక మీద నోరు మూసుకుని నేను నిలబడి ఉన్నాను. నెత్తి మీద నేను మోగుతున్నాను.

"రేపట. ఇయ్యాలొచ్చినోళ్లం మరి ఇండ్లకు పోదామా?" అంది ఒకామె. నవ్వులు లేచాయి. నాకూ నవ్వొచ్చింది. నా నవ్వు కూడా గాలే. అంతలో ఆ వెనక వీధి అవ్వ వంగి తన బతుకమ్మను నెత్తికెత్తుకుని చెరువు దారి పట్టింది. ఆమె వెనక ఇంకొకామె. చూస్తుండగానే మైదానం ఖాళీ అయింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నేను చెబితేనే కదులుతారని ఇన్నేళ్లు ఎందుకనుకున్నానో.

ఇంటికొచ్చాక మా ఆవిడ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద గిన్నె ముందు పెట్టింది. "మెత్తగ ఉంటది, తిను," అంది, గుసగుసగా.

"నువ్వు గట్టిగ మాట్లాడు," అన్నాను.

"మాట్లాడుతున్న గదా," అంది. అదీ గుసగుసగానే.

దసరా వచ్చింది. జమ్మి ఆకు చేతిలో పెట్టి, "బంగారం తీస్కో అన్నా" అని వాటేసుకున్నవాళ్లంతా ఆ మాట నా చెవిలో ఊదారు. దసరా పోయింది. డాక్టరు దగ్గరికి పోలేదు. గింతే అని చెప్పించుకోవడానికి పాలమూరు దాకా బస్సెందుకు?

పండుగ అయిపోయిన మూడో నాడో నాలుగో నాడో, పొద్దున్నే దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. వీధి చివర ఆటో తిరిగింది. కుక్కలు లేచి అరుగుల కిందికి పోయాయి. రేపు సద్దుల బతుకమ్మ అని ఇంకా చెబుతూనే ఉన్నాను. ఆపమని ఆ డ్రైవరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. రోడ్డు మధ్యకు పోయి చెయ్యి ఎత్తాను. ఆయన ఆటో ఆపి, మర్యాదగా దిగి నా దగ్గరికొచ్చాడు.

"బంద్ చెయ్యి," అన్నాను.

"ఏందన్నా?"

"అది బంద్ చెయ్యి. పండుగ అయిపోయింది."

నెత్తి మీద మైకుల్లో నేను తంగేడు మీదే, గునుగు మీదే అంటున్నాను. ఆయనకు నా మాట ఒక్క ముక్క వినబడలేదు. నా పెదవులను చూశాడు, పైకి మైకుల వైపు చూపిస్తున్న నా వేలును చూశాడు. ఆయన ముఖం వెలిగింది. తల ఊపుతూ ఆటోలోకి వంగి సౌండ్ పెంచాడు.