అప్పలసూరి తీయించిన రెండో క్యాసెట్

అప్పలసూరి జీవితంలో ఒకే ఒక్క దొంగతనం చేశాడు. అదీ తన తాళంచెవితో, తన బీరువాలోంచి, పట్టపగలు. పైగా ఒకటి పట్టుకెళ్లి రెండు పట్టుకొచ్చాడు. ఇలాంటి దొంగను జంషెడ్‌పూర్ పోలీసులు పట్టుకున్నా ఏ కేసు రాయాలో తెలియక టీ ఇచ్చి పంపేసేవారు. అతని కడుపులో కాపురం పెట్టిన పోలీసు మాత్రం అంత మంచివాడు కాదు.

రాజాం దగ్గర పల్లె నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చి, కారఖానాలో ఖలాసీగా చేరి, పదేళ్లకు క్రేన్ ఎక్కాడు. నలభై అడుగుల ఎత్తున కూర్చుని ఎర్రగా కాలుతున్న ఇనుమును అటునుంచి ఇటు మోసేవాడు. కిందకు దిగితే సిద్ధగోరాలో తెలుగు సంఘం వాళ్ల లైబ్రరీ చూసుకునేవాడు. దానికి జీతం లేదు, పెత్తనం మాత్రం బోలెడు. వేలు తడిపి పేజీ తిప్పినవాణ్ణి పెద్దా చిన్నా చూడకుండా కసిరేవాడు. సంఘం ప్రెసిడెంటు ధర్మరాజు గారే ఓసారి వారపత్రికలో బొమ్మ చింపుకుంటూ దొరికితే, ఆయన చేతికే జిగురు సీసా ఇచ్చి అతికించాడు. అంతటి నియమం గల మనిషి.

ఆ నియమం గల మనిషి తప్పు చేయడానికి ముసలయ్య కావలసి వచ్చాడు.

పుట్టగానే ముసలయ్య అని పేరు పెట్టేయడంతో ఆయన అసలు వయసెంతో పర్సుడీహ్ బస్తీలో ఎవరికీ అంతుచిక్కలేదు. కాంట్రాక్టు కూలి. కానీ పండగలొస్తే రాజు. ఛాతీ మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు కట్టి, పన్నెండుమందిని వెంటేసుకుని తప్పెటగుళ్లు ఆడితే నేల అదిరేది. పాటలన్నీ సొంతంగా కట్టినవే. ప్రతి పాట చివరి చరణంలో తన పేరూ, తన ఊరి పేరూ వచ్చేలా అల్లుకునేవాడు. చదువు రాని మనిషి సంతకం అది.

1983లో సంఘం వార్షికోత్సవానికి ఆయన జట్టు ఆడింది. దాన్ని వీడియో తీయిద్దామని అప్పలసూరి ముచ్చటపడ్డాడు. కెమెరా చూడగానే ముసలయ్య గజ్జెలు విప్పబోయాడు.

"ఒరే సూరీ, నాను ఆ డబ్బాలోకి ఎక్కీసినాక నన్నెవుడు పిలుత్తాడ్రా? డబ్బాకి గంజి పొయ్యక్కర్లేదు, మోకాళ్ల నొప్పులు రావు!"

"ఒక్కటే క్యాసెట్ మావా. మన బీరువాలో ఉంటాది. గుమ్మం దాటదు."

"తప్పెట మీద సెయ్యేసి సెప్పు."

పసుపు రాసిన తప్పెట మీద చెయ్యేసి అన్న మాట తప్పినవాడు మళ్లీ గజ్జె కట్టకూడదని ఆ జట్టులో పద్ధతి. అప్పలసూరికి గజ్జె కట్టే ప్రమాదం ఎలాగూ లేదు. అయినా చెయ్యేశాడు. అరచేతికంటిన పసుపు కడుక్కోవడానికి రెండు రోజులు మనసొప్పలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఆ క్యాసెట్ బీటా రకం, చిన్నది. ఈలోగా ఊరంతా వీహెచ్ఎస్ అనే పెద్ద క్యాసెట్‌కు మారిపోయింది. లైబ్రరీలోని బీటా మిషను ఓ రోజు గుర్రుమని మూలిగి ఆగిపోయింది. సామాను దొరకదన్నారు. బీరువా తెరిచి చూస్తే, వానాకాలం తేమకు టేపు అంచుల్లో తెల్లటి బూజు పాకుతోంది. అప్పటికి జట్టులో ముసలయ్య పక్కనే నిలబడే తవిటయ్య చనిపోయి ఏడాది. గాల్లోకి నిలువెత్తు ఎగిరే తవిటయ్య ఇక ఆ బూజు పట్టిన టేపులోనే ఎగరాలి.

అప్పలసూరి ధర్మరాజు గారి దగ్గరకు పరిగెత్తాడు. ఆయన రిటైరయ్యాక లా పుస్తకాలు కొనుక్కుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చదివి వినిపిస్తున్నారు.

"కాపీరైటు సట్టంలో లైబ్రరీకి ఓ సదుపాయం ఉందిరా," అన్నారు కళ్లద్దాలు ఎగదోసుకుని. "దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని మూడు కాపీల దాకా తీసుకోవచ్చు."

"మరి క్యాసెట్టండీ?"

"పుస్తకం అన్నాడు, మ్యాపు అన్నాడు, క్యాసెట్ అన్నేదు. పాట ఎవుడిదో ఆడిని అడిగి కాయితమ్మీద రాయించుకో."

"ఒప్పుకోకపోతేనండీ?"

"ఒప్పుకోకపోతే నేదు. ఆడేటి ఢిల్లీలో ఉన్నాడేటి? పర్సుడీలో ఉన్నాడు. సైకిలెక్కు."

సైకిలెక్కాడు. సైకిలు మాత్రం బిష్టుపూర్ బజారు వైపు తిరిగింది. అడిగితే ముసలయ్య కాదంటాడని అతనికి తెలుసు. కాదన్నాక తీయిస్తే అది ద్రోహం. అడక్కుండానే తీయిస్తే దానికింకా ఎవరూ ఏ పేరూ పెట్టలేదు కదా అని తొక్కుతూ తొక్కుతూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

బిష్టుపూర్‌లో నడుస్తున్న బీటా మిషను ఒక్క బలరామ్ వీడియో షాపులోనే ఉంది. ఇచ్ఛాపురం అవతలి తెలుగువాళ్ల కొడుకు బలరామ్. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు.

"బాబూ, ఇది పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించాల. ఒక్కటే కాపీ. ఇంకోటి తియ్యకూడదు."

"దో ఘంటా లగేగా, దాదా. బైఠియే."

కూర్చోవాలి. రెండు గంటలూ ఆ మిషను పక్కనే కాపలా కూర్చోవాలి. కానీ ఒంటిగంట దాటింది, రెండింటికి బీ షిఫ్టు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క రోజూ ఆలస్యంగా గేటు దాటలేదని అతనికో గర్వం. ఆ గర్వమే కొంప ముంచింది. క్యాసెట్ బలరామ్ చేతిలో పెట్టి డ్యూటీకి పోయాడు. మర్నాడు పొద్దున్న వెళ్లి పాతదీ, కొత్తదీ రెండూ తెచ్చుకున్నాడు. లైబ్రరీకి కొత్తగా కొన్న పెద్ద మిషన్లో సరిచూసుకుంటే కొత్తదాంట్లో చివరి చరణం దాకా అంతా ఉంది. తవిటయ్య ఎగురుతున్నాడు. అప్పలసూరి ఆనందంతో బీరువాకు రెండుసార్లు తాళం వేశాడు.

రెండు నెలలకు పర్సుడీహ్‌లో గంగమ్మ పండగ. భార్య సన్యాసమ్మతో కలిసి వెళ్లాడు. గజ్జెల చప్పుడు దూరం నుంచే వినిపించింది. దగ్గరకెళ్తే పందిట్లో జట్టు లేదు. బల్ల మీద టీవీ ఉంది. టీవీలో ముసలయ్య ఎగురుతున్నాడు. టీవీ ముందు, ఇసక మీద, జనంతోపాటు అసలు ముసలయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో వేరుశనక్కాయలు. ఒక్కటీ ఒలవలేదు.

పాట చివరి చరణానికొచ్చింది. ముసలయ్య పేరు రావలసిన చోట బొమ్మ గిర్రున తిరిగి, 'బలరామ్ వీడియో, బిష్టుపూర్' అని పెద్దక్షరాలు, వెనక ఏదో బ్యాండు మేళం. జనం ఈలలు వేశారు.

ముసలయ్య వెనక్కి తిరిగి అప్పలసూరిని చూశాడు.

"ఇదెక్కడిదిరా సూరీ?"

"తెల్దు మావా," అన్నాడు అప్పలసూరి. ఎంత తొందరగా అన్నాడంటే, ఆ ప్రశ్న కోసం రెండు నెలలుగా కాచుక్కూర్చున్నట్టు.

మర్నాడు బలరామ్ మీద విరుచుకుపడ్డాడు.

"ఒక్కటే అన్నాను కదరా!"

"అరే దాదా, లైబ్రరీ కాపీ కర్ సక్తీ హై, హమ్ నహీఁ?" అని, లైబ్రరీ తీయగా లేనిది మేం తీయకూడదా అన్నట్టు బలరామ్ నిమ్మళంగా అడిగాడు. "ఆప్‌నే పూఛా థా క్యా బుడ్ఢే సే?"

ముసలాయన్ని నువ్వడిగావా అని ఒక దొంగ ఇంకో దొంగను నిలదీశాడు. అప్పలసూరి బతిమాలి, బెదిరించి షాపులో మిగిలిన ఒక్క కాపీ లాక్కున్నాడు. అప్పటికే కొన్ని ఘాట్‌శిలా పోయాయి, కొన్ని ఖరగ్‌పూర్ పోయాయి. ఆ ఏడాది ముసలయ్య జట్టును రెండు పందిళ్లే పిలిచాయి.

పండగై నెల కావస్తున్నా అప్పలసూరికి తిండి సయించలేదు. లైబ్రరీలో ఎవరో వేలు తడిపి పేజీ తిప్పితే చూసి కూడా ఊరుకున్నాడు.

"ఏటయ్యా, మూడు రోజులనుంచి పప్పులో ఉప్పు ఎక్కువేత్తన్నాను, నోరెత్తవు. ఒంట్లో బాగోనేదేటి?" అంది సన్యాసమ్మ.

అంతా చెప్పేశాడు. ఆమె విని గరిట కింద పెట్టింది.

"నాకు సెప్తే ఏటి లాబం? పర్సుడీ ఎల్లి సెప్పు. సెప్పీదాకా ఇదే ఉప్పు."

ఆదివారం పొద్దున్నే వెళ్లాడు. ముసలయ్య వాకిట్లో మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. అప్పలసూరి నిలబడే ఉన్నాడు.

"మావా, ఆ క్యాసెట్టు..."

"నీదే."

"నీకెలగ తెలుసు?"

"నా ఎనకాల మీ సంగం గుడ్డ యేలాడతంది కదరా, యెదవా! నాకు సదువు నేదు గానీ కళ్లున్నాయి. నువ్వెప్పుడు సెప్తావా అనీసి సూత్తన్నాను. నెల్లాళ్లు సూసినాను."

"అడిగుంటే ఒప్పుకునీవోడివేనా మావా?"

"ఒప్పుకోను."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఒప్పుకోను."

"అయితే సెరిపీమంటావా? పాతది బూజు పట్టీసింది, ఆడదు. నీ పేరు ఇనపడీది ఇదొక్కటే ఉంది."

ముసలయ్య ఆముదం గిన్నె పక్కకు జరిపాడు. "తవిటిగాడున్నాడు కదరా దాంట్లో," అన్నాడు. ఉంచమనలేదు. చెరిపెయ్యమనలేదు. లేచి కండువా వేసుకున్నాడు. "పద, సూపించు."

లైబ్రరీ బల్ల మీద కూర్చుని మొత్తం చూశాడు. తవిటయ్య ఎగిరినప్పుడల్లా ఆయన గడ్డం కొంచెం పైకి లేచింది. చివరి చరణంలో తన పేరు తన గొంతుతోనే విన్నాడు. తర్వాత అన్నాడు:

"మీ లెక్కలు రాసీ పుస్తకం ఏదీ? రాయి. ఈ పాటలు ముసలయ్య కట్టినాడు. ఈ క్యాసెట్టు తియ్యడానికి ముసలయ్య ఒప్పుకోనేదు. అప్పలసూరి అడగనేదు. రాసినావా?"

"రాసినాను."

ముసలయ్య దాని కింద వేలిముద్ర వేశాడు. "సూత్తానన్న ప్రెతీవోడికీ ముందు ఇది సదివి ఇనిపించు. నిలబడి సదువు." చెప్పులు తొడుక్కుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అప్పలసూరి అలాగే చేశాడు. ఎవరైనా ఆ క్యాసెట్ అడిగితే స్కూల్లో దండన పడిన పిల్లాడిలా బల్ల ముందు నిలబడి ఆ మూడు వాక్యాలూ చదివేవాడు. కొందరు నవ్వేవారు. ధర్మరాజు గారు మాత్రం నవ్వకుండా వినేవారు.

మరుసటేడు కారఖానాలో కొత్తగా చేరిన భీమారావు అనే కుర్రాడు అంతా విని అడిగాడు.

"ఆయన ఒప్పుకోనప్పుడు మరి మీరేల సూపిత్తన్నారండి?"

అప్పలసూరి మిషను నొక్కి, తలుపు చేరవేసి, వరండాలోకి వచ్చేశాడు. లోపల గజ్జెలు మోగుతున్నంతసేపూ, వచ్చినవాళ్ల చెప్పులు జతలు జతలుగా సర్దుతూ బయటే ఉండిపోయాడు.